మా అక్క బిడ్డ

మా అమ్మ బతికే ఉన్నది. ఈ మాట ముందుగాల్నే చెప్తున్న, ఎందుకంటే నా సంగతి సగం విన్నోళ్లంత "అయ్యో, తల్లి లేని పిల్ల" అంటరు. నాగర్‌కర్నూల్ల మా అమ్మ ఉన్నది, మంచిగున్నది. పండుగలకు కొత్త చీర కట్టుకొని, మొగని పక్కన నిలబడి, కొడుకును ముంగట పెట్టుకొని ఫోటో దిగి ఫోన్ల స్టేటస్ పెడుతది. నేను చూస్త. నేను చూసినట్టు ఆమెకు గూడ తెలుస్తది.

మాది మానవపాడు దిక్కు ఒక పల్లె. నాయిన తాగేటోడు, తాగి అమ్మను కొట్టేటోడు. నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు ఒక ఎండకాలం పొద్దుగాల నాయిన మంచం మీదికెల్లి లేవలె. అమ్మ ఏడ్వలె. ఊరోళ్లు ఏడ్వుమని చెప్తే కొంగు మొకానికి అడ్డం పెట్టుకొని కూసున్నది. ఏడాది తిరిగేటాల్లకు ఆమెకు నాగర్‌కర్నూల్ నుంచి సంబంధం వచ్చింది. ఆయనకు మొదటి భార్య పోయింది, పిల్లలు లేరు, సిమెంటు దుకాణం ఉన్నది, ఇంట్ల తల్లి ఉన్నది. అమ్మ నన్ను అవ్వ దగ్గర, అంటే వాళ్లమ్మ దగ్గర ఇడిసిపెట్టి పోయింది. "మా అత్త జర మెత్తబడనియ్యి బిడ్డా, వచ్చి తీస్కపోత" అన్నది పోయేటప్పుడు.

అవ్వ విత్తనాల కోసం పెంచే సీడ్ పత్తి చేన్లకు కూలికి పోతుండె. ఆ పంటకు పిల్లల వేళ్లంటే ఇష్టం. పొద్దుగాల మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు రుద్దాలె, పొద్దూకే యాళ్లకు రేపు విచ్చేటి మొగ్గలు చూసి గిల్లాలె. దాన్ని క్రాసింగ్ అంటరు. నేను కొన్ని దినాలు బడికి పోతుంటి, కొన్ని దినాలు చేనుకు పోతుంటి. ఆరో తరగతిల ఉండంగ అవ్వకు జరమొచ్చింది. మందుగోళి తెచ్చేటాల్లకే పాణం పోయింది.

అవ్వ దినాలకు అమ్మ వచ్చింది. మెడల కొత్త పుస్తెలతాడు, చేతులకు గాజులు నిండుగ ఉన్నయి. నన్ను కూసోపెట్టుకొని నెత్తి దువ్వింది. "వారం దినాలల్ల వస్త, అందాక పక్కింటోళ్ల దగ్గరుండు" అన్నది. వారం పోయింది, దసరా పోయింది. పక్కింటోళ్లు తమకున్నదాంట్ల నాకింత పెట్టిన్రు, కాదనద్దు. కాని వాళ్లు చేనుకు పోతే నేనూ పోవాలె. గట్ల పోయిన ఒకనాడు చేను గట్టు మీద లేబర్ ఆఫీసు సార్ల జీపు ఆగింది. బడి టైములో చేన్లున్న పిల్లలందరిని ఎక్కించుకొని గద్వాల తీస్కపోయిన్రు. సాయంత్రం వరకు ఒక్కొక్కరి తల్లో తండ్రో వచ్చి, సార్లతోటి తిట్లు తిని, పిల్లలను తోల్కపోయిన్రు. నేను మిగిలిన.

ఆడపిల్లల హోంల కొన్ని నెలలున్నంక అమ్మను పిల్లల కమిటీ ఆఫీసుకు పిలిపిచ్చిన్రు. మేజా ఎనక మేడం, ముంగట ప్లాస్టిక్ కుర్చిల అమ్మ. నేను గోడకాడ నిలబడ్డ.

"నీ బిడ్డనేనా?" అని మేడం అడిగింది.

"అవు మేడం."

"మరి తీస్కపోవడానికి ఏమైంది?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "నాకు లేదా మేడం పాణం? మా అత్త రానియ్యదు. దీన్ని గడప తొక్కనియ్యను, తెస్తే నిన్ను గూడ ఎల్లగొడుత అంటది. ఆమె మాట దాటితే నా సంసారం పోతది."

ఇగ ఆ దినం నుంచి నేను ఆ ముసలామెను తిట్టుకుంట పెరిగిన. ఆమె మొకం తెల్వదు, గొంతు తెల్వదు. పండుకునే ముందు ఆమె కాళ్లు పడిపోవాలె, నోరు పడిపోవాలె అని మొక్కుతుంటి. అమ్మ మీదికి ఒక్క మాట పోనియ్యకపోతుంటి.

హోంల కాకుండ ఒక ఇంట్ల ఉంచుతరు, దత్తత కాదు, పెద్దయ్యేదాక వాళ్లు పెంచుతరు, దాన్ని ఫోస్టర్ కేర్ అంటరు అని మేడం చెప్పింది. నన్ను గద్వాలల ఒక నేతోళ్ల ఇంటికి పంపిన్రు. మొగడు పెండ్లాలు ఇద్దరే. వాళ్ల బిడ్డను రాయచూరుకు ఇచ్చిన్రు. ముందటి అర్రల మగ్గం, ఎనక వంటిల్లు, నడుమ మేము. వాడకట్టు పిల్లలకు ఫోస్టర్ అనే మాట తెల్వదు. వాళ్లకు నేను "పోస్టర్ పిల్ల"ను. ఒక పిలగాడైతే నీ బొమ్మ ఏ గోడకు అతికిచ్చిన్రు అని నిజంగనే అడిగిండు.

ఆ ఇంట్ల మొదటి దినం ఆమె పళ్లెంల జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి "ఇంకోటి ఎయ్యాల్నా?" అని అడిగింది.

"వద్దమ్మా" అన్న.

ఆమె చేతిల రొట్టె అట్లనే పట్టుకొని నా దిక్కు చూసింది. "అమ్మ అనకు. నీకు అమ్మ ఉన్నది. ఒకామె బతికుండంగ ఆమె పేరు నేను ఎత్తుకపోను. నన్ను పెద్దమ్మ అను, ఆయనను పెద్దనాయిన అను."

గిట్ల నాకు పెద్దమ్మ అయింది. ముద్దుచేసే మనిషి కాదు. నెత్తికి నూనె పెడితే కండ్లల్ల నీళ్లొచ్చేటట్టు పెడుతది. రాట్నం మీద కండెలకు దారం చుట్టుడు నేర్పింది గాని, సదువుకునే టైముల రాట్నం దగ్గర కనపడితే చెయ్యి మీద ఒక్కటేస్తుండె. పుట్టింది రాయచూరు దిక్కు గనుక కోపమొస్తే కన్నడంలకు పోతుండె. నేను దేనికన్న ఏడుస్తుంటే "సాకు, సాకు" అంటది. కన్నడంల సాకు అంటే చాలు. మన తెలుగుల సాకుడంటే పెంచుడు. ఆమె నన్ను సాకింది, సాకు అని గూడ అన్నది. నాకు ఆ రెండిట్ల ఏదెప్పుడో తెలుసుకునేటాల్లకు పదో తరగతి అయిపోయింది. పెద్దనాయిన అసలే మాట్లాడడు. మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసుంటే బువ్వ యాళ్లకే లేచేది. నాకు పరీక్షలున్నప్పుడు మాత్రం మగ్గం ఆపి, బయట అరుగు మీద కూసొని బీడి తాగేటోడు.

అమ్మ మొదట్ల నెలకోసారి ఆఫీసుకాడికి వస్తుండె. దవాఖానకు పోతున్న అనో, గుడికి పోతున్న అనో ఇంట్ల చెప్పి వచ్చేది. అరగంట కూసునేది. అందులో సగం సేపు గోడ గడియారం చూసేది. ఒకసారి కడుపుతోటి వచ్చింది. "నీకు తమ్ముడో చెల్లెనో పుడుతది" అని నవ్వుకుంట చెప్పింది. నేనూ నవ్విన. ఆ తర్వాత రాకడ బందయింది, ఫోన్ ఒక్కటే మిగిలింది. అది గూడ ఆమె చేసినప్పుడే. నేను చెయ్యద్దు.

నేను తొమ్మిదో తరగతిల ఉండంగ ఒకసారి ఫోన్ చేసింది. బాబుకు శ్రీరంగాపూర్ గుడిల పుట్టెంటికలు తీపిస్తున్నరట. "నిన్ను చూడబుద్ధయితుంది, రా బిడ్డా" అన్నది. నేను ఎగిరి గంతేసిన. తర్వాత గొంతు తగ్గించి అన్నది, "కాని అందరు ఉంటరు. నన్ను చిన్నమ్మా అని పిలువాలె. మా అక్క బిడ్డవని చెప్త. మీ పెద్దమ్మను గూడ తోల్కరా. ఆమెనే మా అక్క అనుకుంటరు. ఆమెను అమ్మా అను ఆ ఒక్క పూట."

పెద్దమ్మకు చెప్తే రాట్నం ఆపింది. "నేను నాటకాల కంపెనీ పెట్టలె" అన్నది. నేను రెండు దినాలు బువ్వ తినలె. మూడో దినం ఆమె ట్రంకుపెట్టెలకెల్లి తన మంచి చీర తీసి దులిపింది. "అబద్ధం నీ తల్లిది. మోసేది నేను. పా" అన్నది.

గుడికాడ షామియాన ఏసిన్రు. అమ్మ పసుపుపచ్చ పట్టుచీర కట్టుకొని, సంకల బాబుతోటి ఎదురొచ్చింది. రెండేండ్లాయె ఆమెను గంత దగ్గరగ చూసి. పెద్దమ్మ చెయ్యి పట్టుకొని "అక్కా, ఇప్పుడా వచ్చుడు?" అన్నది, నిజంగ అక్కనే అయినట్టు. పెద్దమ్మ చెయ్యి గుంజుకోలె, పట్టుకోను గూడ పట్టుకోలె.

కుర్చిల కూసున్న ముసలామె మమ్మల్ని చూసి అడిగింది, "ఎవరే ఈ పిల్ల?"

"మా అక్క బిడ్డ అత్తా" అన్నది అమ్మ.

"నీకు అక్క ఉన్నదని ఎన్నడు చెప్పలె?"

అమ్మ తడబడ్డది. అప్పుడు మా పెద్దమ్మ నోరు తెరిచింది. "గద్వాలల ఉంటమమ్మా. మగ్గం పని, ఇడిసిపెట్టి రానీకె కాదు. గందుకే రాకపోకలు లేవు."

ముసలామె నన్ను కింది నుంచి మీదిదాక చూసింది. నేను గిన్నేండ్లు తిట్టుకున్న మనిషి ఈమెనే అని అప్పుడు తెలిసింది. బక్కగ, తెల్లటి నెత్తి తోటి, మామూలు ముసలామె. "మొకం అంత మీ చిన్నమ్మదే దిగింది" అన్నది. పక్కనున్నోళ్లు నవ్వి "అక్క బిడ్డ కదా, పోలికలు రావా?" అన్నరు. అమ్మ గూడ నవ్వింది. అందరికంటె గట్టిగ నవ్వింది.

బాబు మంగలి చేతిల ఏడుస్తుంటే నేనే ఎత్తుకున్న. బోడిగుండు మీద చందనం పూస్తే నా మెడల మొకం దాచుకున్నడు. వాని మీద నాకు కోపం రాలె. నీళ్లు కావాలని "చిన్నమ్మా" అని పిలిచిన. అమ్మ తిరగలె. ఇంకోసారి పిలిచిన. అప్పుడు గూడ తిరగలె, పక్కామె చెయ్యి తట్టి చెప్తే "ఆఁ, ఏందే?" అని ఉలిక్కిపడ్డది.

పంక్తిల అమ్మ వడ్డిస్త వచ్చింది. నా ఆకుల తీపి బచ్చాలు రెండు ఎక్కువ ఏసి "తిను బిడ్డా" అన్నది. మా దిక్కు అందరు అందరిని బిడ్డా అనే అంటరు. ఎవరు తలెత్తి చూడలె. పోయేటప్పుడు పెద్దమ్మకు బొట్టుపెట్టి రవికె గుడ్డ పెట్టింది, పుట్టింటి అక్కకు పెట్టినట్టు.

బస్సెక్కినంక నేను కిటికి దిక్కు మొకం పెట్టి చానాసేపు ఏడ్సిన. పెబ్బేరు దాటినంక "అమ్మా, నీళ్లియ్యి" అన్న. పొద్దటి నుంచి అన్న అలవాటు, నోరు జారింది.

పెద్దమ్మ సీసా మూత తీసి ఇచ్చింది. నేను తాగినంక మూత పెట్టి, "బస్సెక్కినం. ఇగ పెద్దమ్మ అను" అన్నది.

ఆ రవికె గుడ్డ మా ఇంట్ల మగ్గం తుడిచే గుడ్డ అయింది.

పదో తరగతి మంచి మార్కులతోటి పాసైన. గద్వాలల ఇంటర్‌ల చేర్పిచ్చిన్రు. పుస్తకాలు గూడ కొన్నం. గంతల అమ్మ కమిటీ ఆఫీసుకు వచ్చింది, ఈసారి మొగని తోల్కొని వచ్చింది. నా బిడ్డను నేను తీస్కపోత, మా ఆయన ఒప్పుకున్నడు, అక్కడ్నే కాలేజిల ఏస్త అన్నది. ఆయన నేల చూసుకుంట "మాకేం పరేషాన్ లేదు మేడం" అన్నడు. మేడం మొకం ఎలిగిపోయింది. పిల్ల తల్లి దగ్గరికి చేరుడే మంచిది, దానికోసమే కదా మేము పనిచేసేది అన్నది. నన్ను అడిగింది. నేను పెద్దమ్మ దిక్కు చూసిన.

"పోతవా?" అన్నది పెద్దమ్మ.

"పోత" అన్న. అడిగిన మాట పూర్తి కాకముందే అన్ననేమో.

"సరే" అన్నది. ఇంటికొచ్చి నా బట్టలు మడత పెట్టింది. నాకైతే కాళ్లు నేల మీద లేవు. పెద్దనాయిన బస్టాండుదాక వచ్చి, నీళ్ల సీసా కొనిచ్చి, బస్సు కదిలేటప్పుడు "ఫోన్ నెంబరు యాదికున్నదా?" అని అడిగిండు. ఆయన నాతోటి దినం మొత్తంల మాట్లాడింది అదొక్కటే.

నాగర్‌కర్నూల్ ఇంట్ల అడుగు పెట్టినంక తెలిసింది, ముసలామెకు పక్షవాతం వచ్చింది. కుడి దిక్కు మొత్తం పడిపోయి మంచంల ఉన్నది. నేను చిన్నప్పుడు మొక్కిన మొక్కు గిట్ల పలికిందా అనుకున్న. అమ్మ పొద్దుగాల ఇంటి ముంగటి దుకాణం మీద కూసుంటది. పనిమనిషి రెండు నెలలకొకరు మారుతున్నరు. బాబును తయారు చేసి బడికి పంపాలె, ముసలామెకు తానం చేపియ్యాలె, దొడ్డికి తీయాలె, పక్క మార్చాలె.

"నీకు తెల్వంది కాదు, అత్త జర లేసి కూసోనియ్యి. తర్వాత కాలేజి" అన్నది అమ్మ. ఆ ఏడు కాలేజిల చేరే టైము అయిపోయింది. "ఇంకో మాట. అత్తకు నువ్వు అక్క బిడ్డవే. వాడకట్టోళ్లకు గూడ. మా ఆయనకు ఒక్కనికే చెప్పిన. ఈ టైముల ముసలామెకు తెలిస్తే గుండె ఆగుతది."

గట్ల సొంత అమ్మ ఇంట్ల చిన్నమ్మా అనుకుంట ఉన్న. వాడకట్టు ఆడోళ్లు నన్ను చూసి "నీ అదృష్టం తల్లి, ఎవరు పంపుతరు అక్క బిడ్డను గింత సేవకు?" అని అమ్మతోటి అంటుండె. అమ్మ "మా అక్కది పెద్ద మనసు" అంటుండె. అమ్మ మొగడు, నాకు చిన్నాయన, చెడ్డోడు కాదు. నేను కండ్లపడితే పక్కకు జరిగి పోయేటోడు, ఇంట్ల అద్దెకున్నోళ్లను చూసినట్టు. బాబు ఒక్కడు నా కొంగు ఇడువకపోతుండె. అక్కా అని పిలిచేటోడు. పెద్దమ్మ బిడ్డను గూడ అక్కా అనే అంటరు గనుక వానికి అబద్ధం నేర్పవలసిన అవసరం ఎవరికి రాలె.

ముసలామె నోరు వంకర పోయింది గాని మాట కొంచెం వస్తది. మెల్లగ వింటే అర్థమైతది. ఆమెకు చెయ్యాలంటే నాకు మొదట్ల పండ్లు కొరుకుడే. గడప తొక్కనియ్యనన్నవు కదా, ఇప్పుడు నీ మలం ఎత్తేది నేనే అని మనసుల అనుకుంట చేసిన. వానకాలం దాటింది. చేసుడు అలవాటయింది. ఒకనాడు పగటి పూట జావ తాగిపిస్తుంటే ఆమె నా మణికట్టు పట్టుకున్నది.

"నువ్వు దాని బిడ్డవే కదా?"

నేను అడిగిన, "ఎవరి బిడ్డను?"

"నా కోడలి బిడ్డవు. ఆనాడు గుడికాడ్నే తెలిసింది నాకు. నువ్వు చిన్నమ్మా అంటే అది పలుకలె. ఒక్కసారి కాదు, రెండుసార్లు. పుట్టినకాడికెల్లి చిన్నమ్మా అని పిలిచే పిల్ల ఉంటే పలుకకుండ ఉంటదా?"

నేను గిన్నె కింద పెట్టిన. గిన్నేండ్లది లోపల ఉడుకుతుండె. "తెలిస్తే మరి ఎందుకు రానియ్యలె నన్ను? గడప తొక్కనియ్యను అన్నవు గదా? నన్ను హోంల పెట్టిపిచ్చింది నువ్వే గదా?"

ముసలామె నా మొకం చూసుకుంట ఉన్నది. ఆమె మంచి కన్నుల నీళ్లు లేవు, కపటం లేదు. ఆశ్చర్యమే ఉన్నది.

"నేనెప్పుడన్న?" అన్నది. "పెండ్లి మాటలప్పుడు నేనే అడిగిన, పిల్లలున్నరా అని. లేరన్నది. అప్పుడు నువ్వున్నవని తెలిస్తే కదా నేను వద్దనేది?"

"తెలిస్తే రానిస్తుంటివా?"

ఆమె నా మణికట్టు ఇడిసింది. జావ చల్లబడ్డది. "రానిస్తుంటినో లేదో నాకు తెల్వదు బిడ్డా. అబద్ధమెందుకు? వద్దనే అంటుంటినేమో. కాని నన్నెవ్వరు అడుగలె."

నేను ఆమె మూతి తుడిసి బయటికొచ్చిన. అమ్మ పగటి బువ్వకు దుకాణం నుంచి వచ్చి మిద్దె మీద బట్టలు ఆరేస్తుండె. పోయి అడిగిన.

"మీ అత్త నన్ను వద్దనలె అంట కదా?"

అమ్మ చేతిల తడి బట్ట అట్లనే పట్టుకొని నిలబడ్డది. కాదంటదేమో, ముసలిదానికి మతి లేదంటదేమో అని చూసిన.

"అవు, నేనే చెప్పలె" అన్నది. "పిల్లలున్నరా అని అడిగిన్రు. నోట్లకెల్లి లేరు అని వచ్చింది. వచ్చినంక ఎనుకకు తీసుకోలేదు."

"ఎందుకమ్మా?"

"నాకు ఇరవై ఎనిమిదేండ్లే అప్పుడు. మీ నాయిన తోటి పదేండ్లు తన్నులు తిన్న. ఒక్కసారి, ఏమి కానిదాని లెక్క, కొత్త పిల్ల లెక్క ఒక ఇంట్ల కాలు పెట్టాలనుకున్న. నిన్ను చూస్తే ఆ ఇల్లే కండ్ల ముంగట తిరుగుతుండె. నువ్వు నవ్వితే గూడ మీ నాయిన నవ్వే."

"మరి ఇప్పుడెందుకు తెచ్చినవు?"

"ముసలామెను చూసుడు నా ఒక్కదానితోటి కాలె."

ఆ ఒక్క దినం అమ్మ నాతోటి అబద్ధమాడలె. అబద్ధమాడినా బాగుండు అనిపించింది. ఆడుతదనే అనుకున్న, దానికి ఏం జవాబు చెప్పాల్నో గూడ మెట్లెక్కుకుంట అనుకున్న. ఆమె తడి బట్ట దులిపి తీగె మీద ఏసింది. కింద దుకాణం పిలగాడు పిలిస్తే "వస్తున్న" అని దిగిపోయింది.

గద్వాలకు ఫోన్ చేసిన. పెద్దమ్మ ఎత్తింది. "నేను వస్త" అన్న. ఏమైందని అడుగలె. "వనపర్తిల బస్సు మారేటప్పుడు ఏమన్న తిను. కిటికి దిక్కు కూసో, నీకు వాంతులైతయి" అన్నది.

తెల్లారి బాబును బడికి పంపి, ముసలామెకు పక్క మార్చి, సంచి సదురుకున్న. అమ్మ దుకాణంల గల్లపెట్టెకాడ కూసొని చూసింది. ఆపలె. "కమిటోళ్లకు ఏం చెప్తవు?" అని అడిగింది. "ఏం చెప్పను" అన్న. ఆమె ఊపిరి ఇడిసింది. ఆ ఊపిరి సప్పుడు నాకు ఇప్పటికి చెవుల్లో ఉన్నది.

గద్వాల ఇంట్ల తలుపు తీసింది పెద్దమ్మ కాదు. ఎనిమిదేండ్ల పిల్ల, రెండు జడలు, చేతిల బలపం. నన్ను చూసి లోపలికి ఉరికింది. "అమ్మా, ఎవరో వచ్చిన్రు!"

పెద్దమ్మ "ఆఁ, వస్తున్ననే" అని వంటింట్లకెల్లి వచ్చింది.

నేను చెప్పులు గూడ ఇడువలె. అక్కడ్నే నిలబడ్డ. పెద్దమ్మ నా సంచి తీసుకొని, "నువ్వు పోయినంక కమిటోళ్లు తెచ్చిన్రు. వద్దనబుద్ధి కాలె" అన్నది. కాళ్లు కడుక్కోమన్నది, పళ్లెం పెట్టింది. నేను బుక్క ఎత్తలె.

"అది నిన్ను అమ్మా అంటుంది" అన్న.

"అంటది."

"నన్నెందుకు అననియ్యలె?"

పెద్దమ్మ ప్రశ్న అర్థం కానట్టు చూసింది. "దానికి తల్లి సచ్చిపోయింది. నీకున్నది కదా."

ఆమె తప్పేం లేదు. ఆమె లెక్కల ఆమె ధర్మంగనే ఉన్నది. కాని ఆ పూట నేను తల్లిని తిట్టుకోలె, ముసలామెను తిట్టుకోలె, ఆ రెండు జడల పిల్లను చూసి కడుపు మండిపోయింది. తల్లి సచ్చిపోయిన పిల్లను చూసి కుళ్లుకున్న మనిషి ఇంకెవరన్న ఉంటరో లేదో నాకు తెల్వదు. నేనైతే ఉన్న.

పెద్దమ్మ ఆఫీసుకు పోయి "పిల్లంటే సరుకు కాదు మేడం, అటు ఇటు తిప్పనీకె" అని గట్టిగనే మాట్లాడి వచ్చింది. మేడం నొచ్చుకున్నది. మంచి కోరి చేసినం అన్నది. అది నిజమే. పోయిన ఏడు పోయింది, మల్ల ఇంటర్ మొదటికెల్లి సదివిన. పద్దెనిమిది నిండినంక మేడం ఫోన్ చేసి "నీ కేసు క్లోజ్ అయింది, ఇగ నువ్వు ఫ్రీ" అన్నది. పెద్దమ్మకు చెప్తే "అయితేంది? బియ్యం కడుగు" అన్నది. నర్సింగ్ అయ్యేదాక ఆ ఇంట్లనే ఉన్న. పెద్దనాయిన చూపు తగ్గింది, మగ్గం ఇప్పుడు సగం దినమే ఆడుతది. రెండు జడల పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చింది. ఇంటికి పోయినప్పుడల్ల దానికి లెక్కలు నేనే చెప్త. దాని మీద కుళ్లు పోయిందా అంటే చానామటుకు పోయింది. అది అమ్మా అని పిలిచి పెద్దమ్మ పలికినప్పుడు ఇప్పటికి నా చెయ్యి ఒక గడియ ఆగుతది, గంతే.

ముసలామె ఇంకో రెండేండ్లు బతికింది. పోయిందని ఫోన్ల తెలిసింది. పోవాలనిపించింది గాని ఏమని పోవాలె? అక్క బిడ్డ లెక్క పోవాలంటే నాకు మనసు రాలె, ఇంకో లెక్క పోనీకె నాకు దారి లేదు.

ఇప్పుడు వనపర్తిల ఒక దవాఖానల పనిచేస్తున్న. ముసలోళ్ల వార్డంటే మిగతా పిల్లలు మొకం తిప్పుకుంటరు, నాకు అదే ఇస్తరు. పక్షవాతమొచ్చినోళ్లను ఒక దిక్కుకెల్లి ఇంకో దిక్కుకు ఎట్ల మలుపాల్నో నాకు ఎవరు నేర్పలె. ఎక్కడ నేర్చుకున్నవని సిస్టర్ ఒకసారి అడిగితే, మా బంధువులింట్ల అన్న.

బాబు తల్లి ఫోన్ నుంచి అప్పుడప్పుడు వీడియో కాల్ చేస్తడు. మొన్న చేసిండు. పక్క పన్ను ఊడిందని చూపిచ్చిండు, కొత్త సైకిల్ చూపిచ్చిండు. వాడు నవ్వితే మా నాయిన నవ్వు రాదు, వాళ్ల నాయినది వస్తది. అది వాని అదృష్టం. మాట్లాడుకుంటనే ఎనుకకు తిరిగి "అమ్మా, గద్వాల అక్క! మాట్లాడుతవా?" అని కేకేసిండు.

ఫోన్ల అమ్మ కనపడలె. గిన్నెలు కడుగుతున్న సప్పుడు మాత్రం ఒక్కసారి ఆగింది. "పనిల ఉన్న అని చెప్పు. మల్ల మాట్లాడుత" అన్నది.

"పనిల ఉన్నదంట అక్కా" అన్నడు బాబు.

"ఇన్నలేరా" అన్న. "సైకిల్ మెల్లగ తొక్కు. రోడ్డు మీదికి పోకు."

డ్యూటీ టైమయింది. ఫోన్ పెట్టేసి వార్డుకు పోయిన.